ల్యాబ్ నుంచి జవాబులు: కనిపెట్టినాయన మాట నమ్మాలా, పరీక్షను నమ్మాలా?

ప్రశ్న: మా మామగారికి 68 ఏళ్ళు. నెల రోజులుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం. మొదట కళ్ళె తీసుకుని మైక్రోస్కోపులో చూసి టీబీ లేదన్నారు. దగ్గు తగ్గకపోతే మళ్ళీ కళ్ళె తీసుకుని ఏదో మెషీన్లో పెట్టి, రెండు గంటల్లో టీబీ ఉందన్నారు. రిపోర్టు మీద సీబీనాట్ అని ఉంది. మా మరిది మాత్రం మందులు వద్దంటున్నాడు. "ఇది కోవిడ్‌కు చేసిన పీసీఆర్ లాంటిదే, దాన్ని కనిపెట్టిన సైంటిస్టే అది రోగాన్ని చెప్పలేదని అన్నాడు" అంటూ వాట్సాప్‌లో వీడియో చూపిస్తున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ, నాకు టెన్షన్‌గా ఉంది. ఆ సైంటిస్టు ఎవరు? ఆయన నిజంగా అలా అన్నాడా? మేము ఏ రిపోర్టును నమ్మాలి?
- ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు మందుల సంగతి చెబుతాను. డాక్టరుగారు మొదలుపెట్టమన్నారు కాబట్టి మొదలుపెట్టండి. ఈ పత్రిక మీ చేతికి వచ్చేలోపే మొదలై ఉంటే నాకు చాలా సంతోషం. టీబీ మందులు ప్రభుత్వాసుపత్రుల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ప్రైవేటు డాక్టరుకు చూపించుకుంటున్నా సరే, మామగారి పేరు ని-క్షయ్ అనే ప్రభుత్వ టీబీ జాబితాలో నమోదు చేయమని అడగండి. నమోదైతే మంచి తిండి కోసమని నెలకు 1000 రూపాయలు ఆయన బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరుకు ముందు అది 500గానే ఉండేది. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలుంటే, వాళ్ళకు దగ్గు లేకపోయినా డాక్టరుకు చూపించండి.

ఇక రెండు రిపోర్టుల సంగతి. మీ మరిది అనుకుంటున్నట్టు ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు. మైక్రోస్కోపులో క్రిమి కంటపడాలంటే ఒక మిల్లీలీటరు కళ్ళెలో సుమారు 5,000 నుంచి 10,000 క్రిములుండాలి. అంతకన్నా తక్కువుంటే, ఎంత చేయి తిరిగిన టెక్నీషియన్ ఓపికగా వెతికినా దొరకకపోవచ్చు. సీబీనాట్ మెషీన్ మిల్లీలీటరుకు 130 ఉన్నా పట్టుకోగలదు. మీ మామగారి కళ్ళెలో క్రిములు బహుశా ఈ రెండు అంకెలకూ మధ్యలో ఉన్నాయి. మైక్రోస్కోపుకు అందనంత తక్కువగా ఉన్నప్పుడే దొరికాయి. అది మీ అదృష్టమనుకోండి.

మాది మదనపల్లె. ఊరి పక్కనే ఆరోగ్యవరం శానటోరియం. టీబీ కోసం వందేళ్ళ కిందట పెట్టిన ఆసుపత్రి అది. నా చిన్నతనంలో అక్కడికి వెళ్ళే రోగుల పక్కన బస్సులో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. మనిషి ఎముకల గూడయ్యాక, రక్తం కక్కాక వచ్చేవాళ్ళే ఎక్కువ. అంతదాకా ఊళ్ళో ఎవరికీ అది టీబీ అని తేలేది కాదు మరి. నేను ల్యాబ్ చదువులోకి రావడానికి అదొక కారణం. అందుకే, ముందుగా దొరికిన రోగాన్ని "దొరకలేదనుకుందాం" అని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను. మీ మరిదికి ఈ జవాబు చదివి వినిపించండి.

ఆ మెషీన్ లోపల జరిగేది పీసీఆర్ అన్న పనే. ఆ మాట వరకు మీ మరిది చెప్పింది నిజం. డీఎన్‌ఏ రెండు పేటలుగా ఉంటుంది. సుమారు 95 డిగ్రీల వేడి చేస్తే రెండు పేటలూ విడిపోతాయి. వేడి కొంచెం తగ్గిస్తే, మనం ముందే తయారుచేసి కలిపిన రెండు చిన్న డీఎన్‌ఏ ముక్కలు తమకు సరిపోయే చోట వెళ్ళి అతుక్కుంటాయి. వీటిని ప్రైమర్లంటాం. పొలానికి రెండు కొసల్లో పాతే హద్దురాళ్ళ లాంటివి అవి. పాలిమరేజ్ అనే ఎంజైము ఆ రాళ్ళ దగ్గర మొదలుపెట్టి, వాటి మధ్యనున్న నేలకు మాత్రమే నకలు తీస్తుంది. అంటే ఒకటి రెండయింది. మళ్ళీ వేడి, మళ్ళీ చల్లదనం, రెండు నాలుగయ్యాయి. ఇలా ఒక్కో విడతను సైకిల్ అంటాం. పది సైకిళ్ళకు 1,024. ఇరవైకి పది లక్షలు దాటుతుంది. ముప్పైకి 107 కోట్లు. మొదట కంటికి, మైక్రోస్కోపుకు కూడా అందని ముక్క ఇప్పుడు పట్టుకోవడానికి వీలైనంత పోగవుతుంది.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. మెషీన్‌కు టీబీ అంటే ఏమిటో, మీ మామగారెవరో తెలియదు. ఫలానా రెండు హద్దుల మధ్య నేల ఈ శాంపిల్లో ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు చెబుతుంది. ఆ ప్రశ్నను ఎంచుకునేది మనుషులు. మీ మామగారి పరీక్షలో అడిగింది టీబీ క్రిమికి ఉండే ఆర్‌పీఓబీ అనే జీన్‌లో 81 అక్షరాల ముక్క గురించి. రిఫాంపిసిన్ మందుకు లొంగని క్రిములైతే మార్పులు దాదాపు ఎప్పుడూ ఆ ముక్కలోనే ఉంటాయి. అందుకే టీబీ ఉందన్న మాటతో పాటు, రిఫాంపిసిన్ పనిచేస్తుందా లేదా అన్నది కూడా అదే రిపోర్టులో ఉంటుంది. ఆ లైను చూడండి. అక్కడ రెసిస్టెన్స్, అంటే మందుకు లొంగకపోవడం, లేదని ఉంటే సాధారణంగా మామూలు ఆరు నెలల కోర్సు సరిపోతుంది. ఉందని రాసి ఉంటే మందులు వేరు, డాక్టరుగారితో వెంటనే మాట్లాడాలి.

ఇప్పుడు ఆ సైంటిస్టు. పేరు కేరీ మల్లిస్. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1944లో పుట్టాడు. కాలిఫోర్నియాలో సీటస్ అనే కంపెనీలో చిన్న చిన్న డీఎన్‌ఏ ముక్కలు తయారుచేసే ఉద్యోగం ఆయనది. 1983 వసంతకాలంలో ఒక శుక్రవారం రాత్రి మెండొసీనో కొండల్లోని తన కుటీరానికి కారులో వెళ్తున్నాడు. పక్క సీట్లో స్నేహితురాలు నిద్రపోతోంది. ఒక జీన్‌లో ఒకే ఒక్క అక్షరాన్ని చదవడం ఎలా అని ఆలోచిస్తుంటే, రెండు ప్రైమర్లు ఎదురెదురుగా పెట్టి పదేపదే నకళ్ళు తీస్తే రెట్టింపవుతూ పోతాయి కదా అన్నది తట్టింది. 128వ నంబరు హైవే మీద కారు పక్కకు ఆపి, దొరికిన కాగితం మీద లెక్క వేసుకున్నాడట. ఆ హైవే మైలురాయి అంకె కూడా నోబెల్ ఉపన్యాసంలో చెప్పాడు. 1993లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది, మైకేల్ స్మిత్ అనే మరో శాస్త్రవేత్తతో కలిపి. నా ఉద్యోగ జీవితమంతా ఆయన ఆలోచన మీదే నడిచింది. ఆ ఋణం నాకెప్పుడూ గుర్తుంటుంది.

కానీ అదే మల్లిస్ హెచ్ఐవీ వల్ల ఎయిడ్స్ రాదని ఏళ్ళ తరబడి వాదించాడు. ఆ వాదన తప్పు. హెచ్ఐవీ ఆయన పరిశోధించిన విషయం కాదు. మన పక్కనే చెన్నైలో 1986లో సునీతి సాలమన్ గారు, ఆవిడ విద్యార్థిని నిర్మల గారు దేశంలో మొదటిసారి హెచ్ఐవీని గుర్తించారు. ఆ తర్వాత సాలమన్ గారు జీవితాంతం ఆ రోగులకే వైద్యం చేశారు. ఎయిడ్స్ గురించి ఎవరి మాట వినాలో నాకు ఎప్పుడూ సందేహం కలగలేదు. మీ మరిది చూపిస్తున్న వీడియోలోని మాటలు మల్లిస్ ఎప్పుడో హెచ్ఐవీ గొడవలో అన్నవి. కోవిడ్ గురించి ఆయన ఒక్క మాట కూడా అని ఉండడు. 2019 ఆగస్టు 7న చనిపోయాడు. కోవిడ్ బయటపడింది ఆ ఏడాది డిసెంబరులో.

ఇంకొకటి. హెచ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డ రక్తంలో తల్లి యాంటీబాడీలు ఏడాదిన్నర దాకా ఉండిపోవచ్చు. కాబట్టి మామూలు పరీక్ష చేస్తే బిడ్డకు నిజంగా సోకిందో లేదో తేలదు. అప్పటిదాకా ఆగితే సోకిన బిడ్డల్లో చాలామంది దక్కరు. ఆరు వారాల వయసులో మడమ మీద చిన్న గాటు పెట్టి, రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి, పీసీఆర్ చేస్తే తెలిసిపోతుంది. మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమంలోనే ఇది జరుగుతోంది. మల్లిస్ మాటను పక్కన పెట్టి మల్లిస్ పరీక్షను వాడుకున్నందువల్ల బతికిన పిల్లలు వాళ్ళు. మీరూ అదే చేయండి.

పీసీఆర్‌కు హద్దులు లేవని నేను అనడం లేదు. క్రిమి చచ్చిపోయినా దాని డీఎన్‌ఏ కొంతకాలం ఉండిపోతుంది. బతికున్నదా చచ్చిందా అని మెషీన్‌ను మనం అడగలేదు కాబట్టి అది చెప్పదు. అందుకే చికిత్స మధ్యలో మందులు పనిచేస్తున్నాయా అని చూడడానికి మళ్ళీ మైక్రోస్కోపు పరీక్షో, క్రిములను పెంచి చూసే కల్చరో చేస్తారు. రెండు నెలల తర్వాత సీబీనాట్ మళ్ళీ చేయించి, ఇంకా పాజిటివ్ ఉందే అని కంగారుపడి మందులు ఆపేసేవాళ్ళున్నారు. మీరు ఆ పని చేయకండి.

ప్రశ్న: నేను బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం. పీసీఆర్ నిజానికి మన హరగోవింద్ ఖొరానా ల్యాబ్‌లో ఎప్పుడో పుట్టిందని, నోబెల్ మాత్రం అమెరికావాడు కొట్టేశాడని మా సీనియర్లు అంటున్నారు. ఇది నిజమా? 
- ఒక విద్యార్థి, యలహంక

జవాబు: బాబూ, మొదటి సగంలో నిజం చాలా ఉంది. రెండో సగం నేను ఒప్పుకోను.

1971లో ఖొరానా ల్యాబ్‌లో పనిచేస్తున్న షెల్ క్లెప్పె అనే నార్వే శాస్త్రవేత్త, ఖొరానా, మరికొందరు కలిసి ఒక పేపరు ప్రచురించారు. డీఎన్‌ఏను వేడి చేసి పేటలు విడదీయడం, రెండు ప్రైమర్లు అతికించడం, పాలిమరేజ్‌తో నకలు తీయడం, మళ్ళీ మొదటినుంచీ చేయడం అన్నీ ఆ పేపర్లో ఉన్నాయి. ప్రతిసారీ ఎంజైము కొత్తగా వేయాల్సి రావచ్చని కూడా రాశారు. ఖొరానాకు అప్పటికే 1968లో, జెనెటిక్ కోడ్ మీద చేసిన పనికి నోబెల్ వచ్చింది. జీన్‌ను ల్యాబ్‌లో మొదటినుంచి చివరిదాకా తయారుచేయాలన్నది ఆయన పట్టుదల. ఈ నకలు తీయడం ఆ దారిలో వచ్చిన ఆలోచన.

మరి వాళ్ళు ఎందుకు ముందుకు తీసుకుపోలేదు? 1971లో ప్రైమరు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే జీన్‌లోని అక్షరాల వరస తెలియాలి. ఆ వరసను తేలిగ్గా చదివే సాంగర్ పద్ధతి 1977లో వచ్చింది. ఒక్క ప్రైమరు చేతితో తయారుచేయడానికి అప్పట్లో నెలలు పట్టేది. మల్లిస్ ఉద్యోగంలో ఉన్న రోజులకు ఆ పని చేసే మెషీన్లు వచ్చేశాయి. ఆయన ల్యాబ్‌లో ప్రైమర్లు పుష్కలం, చేతిలో ఖాళీ సమయం కూడా ఉంది. ఆలోచన ఎంత గొప్పదైనా దానికి కావలసిన సరుకులు అంగట్లోకి రావాలి కదా.

ఈ సంగతి మీద కోర్టు కేసే నడిచింది. డ్యూపాంట్ కంపెనీ ఖొరానా ల్యాబ్ పేపర్లనే చూపించి, సీటస్ పేటెంటు చెల్లదని వాదించింది. 1991లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జ్యూరీ సీటస్ పక్షానే తీర్పిచ్చింది. ఆ ఆలోచనతో ఏ జీన్ ముక్కనైనా, ఎంత తక్కువ శాంపిల్లో ఉన్నా కోట్లకు పెంచవచ్చని చూసి, దాని కోసం మొండిగా నిలబడ్డది మల్లిస్. సీటస్‌లోనే చాలామంది నమ్మలేదు. 1984లో కంపెనీ మీటింగులో పోస్టరు పెడితే ఆసక్తిగా ఆగి చూసినవాళ్ళు తక్కువ. ఆగినవాళ్ళలో ఒకరు నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్. తర్వాత మల్లిస్ రాసిన పేపరును నేచర్, సైన్స్ పత్రికలు రెండూ తిప్పి పంపాయి. ఆయనకు రావలసిన గౌరవం ఆయనకు వచ్చింది. ఖొరానా గొప్పతనం దానివల్ల తగ్గలేదు.

నాకు అసలు బాధ వేరే ఉంది. మీ సీనియర్లు మల్లిస్, ఖొరానా అని కొట్టుకుంటున్నారు గానీ, రాండాల్ సైకీ పేరు ఎవరైనా చెప్పారా? మల్లిస్ కారులో వేసిన లెక్కను పనిచేసే పరీక్షగా మార్చింది సీటస్‌లోని సైకీ, హెన్రీ ఎర్లిక్, నార్మన్ ఆర్న్‌హైమ్, మల్లిస్ దగ్గరి టెక్నీషియన్ ఫ్రెడ్ ఫలూనా, ఇంకొందరు. 1985 డిసెంబరులో లోకానికి పీసీఆర్‌ను మొదట చూపించిన పేపరు సైకీ పేరుతో మొదలవుతుంది. సికిల్‌సెల్ రక్తహీనతను పట్టుకోవడం ఎలా అన్నది దాని విషయం.

అప్పట్లో వాడిన ఎంజైము 95 డిగ్రీలకు చచ్చిపోయేది. ప్రతి సైకిల్‌కూ ట్యూబు మూత తీసి కొత్త ఎంజైము వేయాలి. సైకిల్ తర్వాత సైకిల్, ట్యూబు తర్వాత ట్యూబు. దానికి జవాబు వేడినీటి బుగ్గల్లో దొరికింది. థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ 1960లలో యెల్లోస్టోన్ పార్కులో, మనం చేయి పెట్టలేనంత వేడినీళ్ళలో హాయిగా బతికే ఒక బ్యాక్టీరియాను కనిపెట్టారు. 1976లో ఆలిస్ చియెన్ బృందం దానినుంచి వేడికి చావని పాలిమరేజ్‌ను వేరుచేసింది. సీటస్‌లో డేవిడ్ గెల్ఫండ్, సుజాన్ స్టోఫెల్ దాన్ని పీసీఆర్‌కు పనికొచ్చేలా శుద్ధి చేశారు. మీరు ప్రాక్టికల్స్‌లో వాడే ట్యాక్ అదే. వేడినీటి బుగ్గలో ఏం బతుకుతుందో చూద్దామని వెళ్ళినవాళ్ళకు దాంతో ఎవరి రోగమైనా తెలుస్తుందన్న ఆలోచనే లేదు. అలాంటి పనికి డబ్బు దండగని మీతో ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి.

నేను బెంగళూరులో పని నేర్చుకునే రోజుల్లో మా దగ్గర సైకిల్ మెషీన్ లేదు. మూడు వాటర్‌బాత్‌లు మూడు ఉష్ణోగ్రతల్లో పెట్టుకుని, స్టాప్‌వాచీ చూసుకుంటూ ట్యూబుల స్టాండును ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేవాళ్ళం. కరెంటు పోతే ఆ రోజు పని పోయినట్టే. ఇప్పుడు ఇదే బెంగళూరులోని బిగ్‌టెక్ ల్యాబ్స్ వాళ్ళు రూపొందించిన ట్రూనాట్ అనే చిన్న మెషీన్ బ్యాటరీ మీద నడుస్తుంది. గోవాలోని మోల్‌బయో కంపెనీ దాన్ని తయారుచేస్తోంది. కరెంటు సరిగ్గా లేని ఊళ్ళో, ఏసీ లేని గదిలో టీబీ పరీక్ష చేసి గంటలో చెప్పేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దాన్ని సిఫారసు చేసింది. మనవాళ్ళు చేసిన పని గురించి గర్వపడాలనుంటే దీని గురించి చదవండి. కుదిరితే వేసవి సెలవుల్లో అలాంటి ల్యాబ్‌లో పని నేర్చుకోవడానికి ఉత్తరం రాసి చూడండి.

ప్రశ్న: మా అమ్మాయిని మా పెద్దన్నయ్య కొడుక్కి ఇవ్వాలనుకుంటున్నాం. పిల్లలిద్దరికీ ఇష్టమే. అయితే మా చిన్నన్నయ్య మనవడికి తలసీమియా, నెలనెలా రక్తం ఎక్కించాలి. మేనరికం కాబట్టి పెళ్ళికి ముందే డీఎన్‌ఏ టెస్టు చేయించమని తెలిసినవాళ్ళు అంటున్నారు. చాలా ఖర్చవుతుందట. చేయించాలా? 
- ఒక తల్లి, మడివాళ

జవాబు: చేయించాలమ్మా, కానీ మొదటే డీఎన్‌ఏ దాకా పోనక్కర్లేదు. ముందు ఇద్దరికీ సీబీసీ, దాంతోపాటు హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. డీఎన్‌ఏ పరీక్షతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. హిమోగ్లోబిన్ ఏ2 అనే అంకె సాధారణంగా 3.5 శాతం దాటితే ఆ మనిషి తలసీమియా జీన్‌ను మోస్తున్నట్టు. మోసేవాళ్ళకు జబ్బేమీ ఉండదు, కాస్త రక్తం తక్కువుంటుందేమో అంతే. అమ్మాయికి ఐరన్ బాగా తక్కువుంటే ఈ అంకె కిందికి దిగి మోసపుచ్చవచ్చు, అందుకే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూడమనండి.

ఇద్దరిలో ఒక్కరే మోస్తుంటే మీ మనవళ్ళకు నెలనెలా రక్తం ఎక్కించాల్సిన తలసీమియా మేజర్ రాదు. ఇద్దరూ మోస్తుంటే ప్రతి కానుపులోనూ నూటికి పాతిక వంతుల భయం ఉంటుంది. మొదటి బిడ్డకు రాలేదు కాబట్టి రెండో బిడ్డకు వస్తుందనో, రాదనో లెక్క కట్టడానికి లేదు. ప్రతిసారీ అదే పాతిక. డీఎన్‌ఏ పరీక్ష అవసరమయ్యేది అప్పుడు. మీ చిన్నన్నయ్య మనవడి రిపోర్టుల్లో ఏ మ్యుటేషనో, అంటే జీన్‌లో ఏ మార్పో, రాసి ఉండాలి, అది తీసుకెళ్ళండి. అదే తెలిస్తే ల్యాబ్‌వాళ్ళు ఎక్కడ వెతకాలో సూటిగా తెలుస్తుంది, పని త్వరగా అవుతుంది. గర్భం వచ్చాక 11, 12 వారాల ప్రాంతంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు జబ్బు ఉందో లేదో చెప్పగలరు.

పైన ఆ కుర్రవాడికి చెప్పిన 1985 పేపరు గుర్తుందా, అందులో పీసీఆర్‌ను లోకానికి మొదట చూపించింది తలసీమియాలో చెడే ఈ బీటా గ్లోబిన్ జీన్ మీదే. అంతకుముందు కూడా గర్భంలో ఇలాంటి జబ్బు కనిపెట్టగలిగేవాళ్ళు. 1978లో యూయెట్ వాయ్ కాన్ చేసి చూపించాడు. అయితే దానికి ఎక్కువ డీఎన్‌ఏ కావాలి, వారాలు పట్టేది. కడుపుతో ఉన్న పిల్లకు ఒక్కో వారం ఎంత బరువో మీకు నేను చెప్పాలా.

మేనరికం గురించి ఇంకొక్క మాట. తలసీమియా లేదని తేలితే అన్నీ లేవని కాదు. ఏ జీన్ గురించి అడిగామో దాని సంగతే తెలుస్తుంది. పుట్టుచెవుడు, చిన్నప్పుడే చనిపోయిన పిల్లలు, మానసిక ఎదుగుదల లేనివాళ్ళు మీ రెండు ఇళ్ళలో ఎవరైనా ఉంటే దాచకుండా జెనెటిక్ కౌన్సెలర్‌కు చెప్పండి. పెళ్ళి చేయాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. రిపోర్టు చేతిలో పెట్టుకుని, పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, వాళ్ళ ఎదుటే మాట్లాడుకోండి. వాళ్ళ వెనక మాట్లాడకండి.

ప్రశ్న: మా నాన్న పోయి మూడేళ్ళయింది. చిత్తూరు జిల్లాలో పొలం పంపకాల దగ్గర మా పెదనాన్న కొడుకులు "నువ్వు మా చిన్నాన్నకు పుట్టలేదు, డీఎన్‌ఏ టెస్టు చేయించుకుని రా, అప్పుడు భాగం ఇస్తాం" అంటున్నారు. మా అమ్మ ఏడుస్తోంది. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుని వాళ్ళ నోరు మూయించనా? 
- ఒక పాఠకుడు, అలసూరు

జవాబు: వద్దు నాయనా. మీ అమ్మగారిని ఆ మాట అడిగే హక్కు వాళ్ళకు లేదు, ఋజువు చేసుకోవలసిన అవసరం మీకు లేదు.

చెల్లుబాటయ్యే పెళ్ళిలో ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని చట్టం చెబుతుంది. పాత సాక్ష్యాల చట్టంలో అది 112వ సెక్షను. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 116వ సెక్షను. గర్భం నిలిచే కాలంలో భార్యాభర్తలు కలిసే వీలే లేదని అవతలివాళ్ళు నిరూపించాలి. ఊరికే అనుమానముందని అడిగితే పరీక్షకు ఆదేశాలు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. కోర్టు ఎప్పుడూ ఆదేశించదని కాదు. ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా చేసిన ఎన్.డి.తివారీ విషయంలో ఆదేశించింది, 2012లో ఫలితం బయటపడింది. కానీ అక్కడ అడిగింది తన తండ్రి ఎవరో తేల్చమని కోర్టుకెక్కిన కొడుకు. మీ విషయం అది కాదు.

సైన్సు పరంగా ఈ పరీక్ష చాలా గట్టిది. ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ 1984లో దీనికి దారి తీశాడు. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు మన కోర్టుల దాకా తెచ్చారు. ఇప్పుడు జరిగేది కూడా పీసీఆర్‌తోనే. మీ నాన్నగారు లేకపోయినా, పెదనాన్న కొడుకులకూ మీకూ తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ ఒకటే ఉండాలి కాబట్టి దాన్ని పోల్చవచ్చు కూడా. చేయవచ్చు కదా అని చేసేది కాదు ఇది. ఇంట్లో తెప్పించుకునే కిట్‌లో శాంపిల్ ఎవరిదో ఎవరూ సాక్ష్యం చెప్పలేరు. కోర్టు దాన్ని పట్టించుకుంటుందన్న నమ్మకం లేదు. మీరు ఒకసారి ఒప్పుకున్నారంటే, రిపోర్టు మీకు అనుకూలంగా వచ్చినా వాళ్ళు ఇంకో ల్యాబ్ పేరు చెబుతారు.

మీ అమ్మానాన్నల పెళ్ళి ఋజువులు, మీ పుట్టిన తేదీ సర్టిఫికెట్, స్కూలు టీసీ, తండ్రి పేరున్న పాత రేషన్ కార్డు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఒకచోట పెట్టుకుని, చిత్తూరులో సివిల్ కేసులు చూసే లాయరును కలవండి. పంపకం దావా వేస్తానని ఆయనతోనే నోటీసు ఇప్పించండి. పెదనాన్న కొడుకులతో ఇకమీదట ఈ విషయం నోటిమాటగా మాట్లాడకండి, కాగితం మీదే మాట్లాడండి. ఆ నోటీసు వెళ్ళేరోజు మీ అమ్మగారిని మాత్రం ఒంటరిగా ఊళ్ళో ఉంచకండి, బెంగళూరుకు మీ దగ్గరికి తెచ్చుకోండి.